ప్రాక్సీ వెనక ఎవరున్నారు?

కాలేజీలో ‘ప్రాక్సీ’ అనే మాట తెలియనివాళ్లు ఉండరు. అటెండెన్స్ తీసుకునేటప్పుడు క్లాసుకు రాని ఫ్రెండ్ బదులు ‘ప్రెజెంట్ సార్’ అంటే అది ప్రాక్సీ. సార్‌కి వినిపించేది ఒకరి గొంతు, రిజిస్టర్‌లో పడేది ఇంకొకరి హాజరు. ఇంటర్నెట్‌లో ప్రాక్సీ సర్వర్ చేసే పని కూడా దాదాపు ఇదే. మీ బదులు అది వెబ్‌సైట్ దగ్గరికి వెళ్తుంది, అడిగింది తెచ్చి మీకు ఇస్తుంది. వచ్చింది మీరని సైట్‌కు తెలియదు. తేడా ఒక్కటే. క్లాసులో మీ బదులు పలికినవాడు మీ ఫ్రెండ్. నెట్‌లో మీ బదులు పలికేది ఎవరో చాలాసార్లు మీకే తెలియదు.

హాస్టల్ వైఫైలో ఏదైనా సైట్ తెరుచుకోకపోతే చాలామంది చేసే మొదటి పని ‘ఫ్రీ ప్రాక్సీ’ అని వెతకడం, పైన కనిపించిన లింక్ నొక్కేయడం. అదే ఫోన్‌లో, అదే బ్రౌజర్‌లో జాబ్ పోర్టల్‌కు లాగిన్ అవుతారు. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తారు. పరీక్ష ఫీజు కడతారు. ఇంకోవైపు చూస్తే సైట్ల నిషేధం, వీపీఎన్‌లపై ఆంక్షలు, ఆన్‌లైన్ గోప్యత అనేవి గ్రూప్ డిస్కషన్‌కూ, గ్రూప్స్ మెయిన్స్ వ్యాసానికీ, నెట్‌వర్కింగ్ ఇంటర్వ్యూకీ పనికొచ్చే అంశాలు. ఎటు నుంచి వచ్చినా తేల్చుకోవాల్సిన ప్రశ్నలు మూడే. ప్రాక్సీ దేన్ని దాస్తుంది? ఎవరి నుంచి దాస్తుంది? దాచిపెట్టిన దాన్ని ఎవరికి చూపిస్తుంది?

అసలు ఎలా పనిచేస్తుంది?

మీరు ఒక వెబ్‌సైట్ తెరిస్తే మీ ఐపీ అడ్రస్ ఆ సైట్‌కు తెలుస్తుంది. అది ఉత్తరం మీద ‘ఫ్రం’ అడ్రస్ లాంటిది. అది లేకపోతే జవాబు ఎక్కడికి పంపాలో సైట్‌కు తెలియదు. ఐపీని బట్టి మీరు ఏ దేశంలో, సుమారుగా ఏ ఊళ్లో ఉన్నారో, ఏ కంపెనీ నెట్ వాడుతున్నారో అంచనా వేయొచ్చు. మధ్యలో ప్రాక్సీ ఉంటే సైట్‌కు కనిపించేది ప్రాక్సీ ఐపీ. మీరు వరంగల్‌లో కూర్చున్నా, ప్రాక్సీ సింగపూర్‌లో ఉంటే సైట్ మిమ్మల్ని సింగపూర్ వాళ్లనే అనుకుంటుంది.

అయితే అన్ని ప్రాక్సీలూ ఒకటి కాదు. కొన్ని మీ అసలు ఐపీని ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’ అనే హెడర్‌లో రాసి మరీ సైట్‌కు పంపిస్తాయి. వీటితో దాగేదేమీ ఉండదు. కొన్ని ‘నేను ప్రాక్సీని’ అని చెప్తాయి కానీ మీ ఐపీ చెప్పవు. ఇంకొన్ని ఆ సంగతి కూడా చెప్పవు. హెచ్‌టీటీపీ ప్రాక్సీ వెబ్ పేజీల కోసం పుట్టింది. సాక్స్ ప్రాక్సీ ఏ రకం డేటానైనా అటూ ఇటూ చేరవేస్తుంది.

కాలేజీల్లో, ఆఫీసుల్లో ఉండేవి వేరే రకం. అవి మీ కోసం కాదు, యాజమాన్యం కోసం. ఎవరు ఏ సైట్ చూశారో రాసి పెట్టుకోవడం, కొన్ని సైట్లను ఆపేయడం, పదిమంది అడిగిన ఫైలును ఒకసారి తెచ్చి దాచుకుని అందరికీ ఇవ్వడం వాటి పని. అంటే సైట్లను ఆపేదీ ప్రాక్సీయే, ఆపిన సైట్లను తెరిచేదీ ప్రాక్సీయే. అది ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

అడ్డు వేసేది ఎక్కడ?

ఒక సైట్‌ను బ్లాక్ చేయడమంటే దాన్ని చెరిపేయడం కాదు. అది ఎక్కడో దాని సర్వర్‌లో అలాగే ఉంటుంది. మీకూ దానికీ మధ్య ఉన్న దారిలో నెట్ కంపెనీ అడ్డు వేస్తుంది. ఈ అడ్డు ప్రధానంగా మూడు చోట్ల పడుతుంది.

మొదటిది డీఎన్‌ఎస్. సైట్ పేరు చెప్తే దాని ఐపీ నంబరు చెప్పే డైరెక్టరీ ఇది. నెట్ కంపెనీ ఇక్కడే తప్పుడు జవాబు ఇస్తే సైట్ దొరకదు. రెండోది సైట్ ఐపీకి వెళ్లే దారినే మూసేయడం. ఒకే ఐపీ మీద వందల సైట్లు ఉండొచ్చు కాబట్టి ఇందులో సంబంధం లేనివాళ్లూ నలిగిపోతారు. మూడోది కనెక్షన్ మొదలయ్యే క్షణంలో పేరు చూసి తెంచేయడం. హెచ్‌టీటీపీఎస్ సైట్ అయినా సరే, తొలి పలకరింపులో సైట్ పేరు మామూలుగా బయటికి కనిపించేలాగే వెళ్తుంది. దీన్ని ఎస్‌ఎన్‌ఐ అంటారు. మన దేశంలో నెట్ కంపెనీలు తలో పద్ధతి వాడుతున్నాయి. అందుకే ఒక సిమ్‌లో రాని సైట్ ఇంకో సిమ్‌లో వస్తుంటుంది.

ప్రాక్సీ వాడితే ఏమవుతుంది? మీ ఫోన్ వెళ్లేది నిషేధించిన సైట్‌కు కాదు, ప్రాక్సీకి. నెట్ కంపెనీ జాబితాలో ప్రాక్సీ పేరు లేదు కాబట్టి దారి తెరిచే ఉంటుంది. కానీ ఒక మెలిక ఉంది. ఎన్‌క్రిప్షన్ లేని మామూలు ప్రాక్సీకి మీరు ‘ఫలానా సైట్‌కు కలుపు’ అని చెప్పే మాట కూడా బహిరంగంగానే వెళ్తుంది. నెట్ కంపెనీ కావాలనుకుంటే అది చదివి ఆపగలదు. మీ ఫోన్ నుంచి మధ్యవర్తి సర్వర్ వరకూ మొత్తం దారిని ఎన్‌క్రిప్ట్ చేసేది వీపీఎన్. మామూలు ప్రాక్సీ మిమ్మల్ని సైట్ నుంచి దాస్తుంది. వీపీఎన్ నెట్ కంపెనీ నుంచి కూడా దాస్తుంది. ఇంటర్వ్యూలో ‘ప్రాక్సీకీ వీపీఎన్‌కీ తేడా ఏంటి?’ అంటే చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

టోర్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. మీ డేటా మూడు సర్వర్ల మీదుగా వెళ్తుంది. మొదటి సర్వర్‌కు మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. మూడోదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. ఏ ఒక్కరికీ మొత్తం కథ తెలియకుండా చేయడమే దీని కిటుకు. వేగం తగ్గడం దానికి చెల్లించే మూల్యం.

తాళం గుర్తు ఉంటే చాలా?

‘హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, ప్రాక్సీ ఏం చూస్తుందిలే’ అని చాలామంది ధీమాగా ఉంటారు. సగం నిజమే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో పెట్టిన ప్రాక్సీ ద్వారా హెచ్‌టీటీపీఎస్ సైట్ తెరిస్తే ప్రాక్సీకి తెలిసేవి సైట్ పేరు, సమయం, ఎంత డేటా వెళ్లింది అనేవి. పాస్‌వర్డ్ కనిపించదు. ఆ కాస్త సమాచారమే తక్కువేం కాదు. ఒకడు రోజూ రాత్రి జాబ్ పోర్టల్, పొద్దున లోన్ యాప్, మధ్యాహ్నం డయాగ్నస్టిక్ ల్యాబ్ సైట్ చూస్తున్నాడంటే లోపల ఏం చదివాడో తెలియకపోయినా అతని పరిస్థితి అర్థమైపోతుంది.

ఈ ధీమా పనికిరాని సందర్భాలు రెండున్నాయి. ఒకటి, అడ్రస్ పేస్ట్ చేస్తే సైట్ తెరిచి చూపించే వెబ్ ప్రాక్సీలు. ఇక్కడ అసలు సైట్‌తో మాట్లాడేది మీ బ్రౌజర్ కాదు, ఆ ప్రాక్సీ సర్వర్. తాళం గుర్తు కనిపిస్తుంది, కానీ ఆ తాళం మీకూ ప్రాక్సీకీ మధ్య ఉన్నది. పేజీ అంతా ప్రాక్సీ దగ్గర విప్పి, మళ్లీ మూటగట్టి మీకు పంపుతారు. అక్కడ మీరు కొట్టిన పాస్‌వర్డ్ చదవడం వాళ్లకు క్షణం పని.

రెండోది, ‘ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోండి’ అని అడిగే యాప్‌లు. ఆ సర్టిఫికెట్ పెట్టుకుంటే మధ్యలో ఉన్నవాడు ఏ సైట్ వేషమైనా వేయగలడు, మీ బ్రౌజర్ నమ్మేస్తుంది. కజకిస్థాన్ ప్రభుత్వం 2019 జులైలో ఏకంగా దేశ ప్రజలనే ఇలాంటి సర్టిఫికెట్ పెట్టుకోమంది. ఆగస్టులో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఆ సర్టిఫికెట్‌ను నమ్మకుండా అడ్డుకున్నాయి. ఒక దేశం అడిగినా బ్రౌజర్ కంపెనీలు ఒప్పుకోని అనుమతిని, పేరూ ఊరూ తెలియని యాప్‌కు మనం ఒక్క ‘ఓకే’తో ఇచ్చేయకూడదు.

ఉచితానికి ఎవరు డబ్బు కడుతున్నారు?

ప్రాక్సీ నడపాలంటే సర్వర్ అద్దె కట్టాలి, డేటాకు డబ్బు కట్టాలి. అన్నీ ఫ్రీగా ఇస్తున్నారంటే ఆ డబ్బు ఎక్కడి నుంచో రావాలి. కొన్ని పేరున్న కంపెనీలు డబ్బు కట్టే కస్టమర్ల మీద వచ్చే ఆదాయంతో పరిమితంగా ఉచిత సేవ ఇస్తాయి. అది వేరు. ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పని వాటితోనే చిక్కు. గతంలో బయటపడ్డ మూడు ఉదంతాలు చూడండి.

ఫేస్‌బుక్ 2013లో ఓనావో అనే ఇజ్రాయెల్ కంపెనీని కొన్నది. దాని వీపీఎన్ యాప్ ‘మీ డేటాను కాపాడతాం’ అని చెప్పుకొనేది. జనం ఫోన్లలో ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ యాప్ ద్వారా ఫేస్‌బుక్‌కు తెలిసేది. వాట్సాప్ ఎంత వేగంగా పెరుగుతోందో ఫేస్‌బుక్ ఈ సమాచారంతోనే గమనించిందని 2018 డిసెంబరులో బ్రిటన్ పార్లమెంటు బయటపెట్టిన పత్రాల్లో తేలింది. అంతకుముందే, 2018 ఆగస్టులో, యాపిల్ తన స్టోర్ నిబంధనలకు విరుద్ధమని చెప్పడంతో ఆ యాప్ అక్కడి నుంచి వెళ్లిపోయింది.

హోలా అనే ఉచిత సేవ సంగతి 2015లో బయటికొచ్చింది. అందులో ఒకరి ట్రాఫిక్ ఇంకో వాడుకరి కంప్యూటర్ మీదుగా వెళ్తుంది. ఉచితంగా వాడుకునేవాళ్ల కనెక్షన్లను ఇంకో పేరుతో డబ్బులకు అమ్ముతున్నారని అప్పుడే చాలామందికి తెలిసింది. అంటే మీరు ఒకరి ముసుగు వేసుకుంటుంటే, ఇంకెవరో మీ ముసుగు వేసుకుంటున్నారన్నమాట.

మూడోది అన్నిటికంటే పెద్దది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ‘911 ఎస్5’ అనే నెట్‌వర్క్‌ను ఛేదించినట్టు ప్రకటించింది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌లను ఇన్‌స్టాల్ చేసుకున్న వాళ్ల కంప్యూటర్లు తెలియకుండానే ప్రాక్సీలుగా మారిపోయాయి. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు ఇలా నేరగాళ్లకు అద్దెకు వెళ్లాయి. కొవిడ్ కాలంలో నిరుద్యోగ భృతి కోసం పెట్టిన 5.6 లక్షల దొంగ దరఖాస్తులు ఈ ఐపీల నుంచే వెళ్లాయని, వాటివల్ల జరిగిన నష్టం 590 కోట్ల డాలర్లకు పైనేనని అమెరికా లెక్క తేల్చింది. ఇలాంటి నేరంలో దర్యాప్తు అధికారులకు మొదట దొరికేది ఐపీ అడ్రసే. అది దాక్కోవాలని ఫ్రీ వీపీఎన్ వేసుకున్న అమాయకుడిది.

మన చట్టం ఏం చెబుతోంది?

ప్రాక్సీ గానీ, వీపీఎన్ గానీ వాడటం నేరమని చెప్పే చట్టం దేశం మొత్తానికి వర్తించేది ఏదీ లేదు. ఐటీ కంపెనీల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రోజూ వీపీఎన్‌తోనే ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్తారు. బ్యాంకులు, ఆస్పత్రులు కూడా వాడతాయి. అయితే దీని చుట్టూ ఉన్న చట్టాలు తెలుసుకోవాలి.

సైట్లను బ్లాక్ చేసే అధికారం కేంద్రానికి ఐటీ చట్టం-2000లోని సెక్షన్ 69ఏ ఇస్తోంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, మిత్రదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపించకుండా చూడటం అనే కారణాలకే ఈ సెక్షన్ పరిమితం. ఆదేశం పాటించని మధ్యవర్తి సంస్థ బాధ్యులకు ఏడేళ్ల వరకూ జైలు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 66ఏను కొట్టేసింది కానీ 69ఏను సమర్థించింది. కారణాలు లిఖితపూర్వకంగా ఉండాలని, అభ్యంతరం చెప్పుకునే వీలుండాలని గుర్తుచేసింది. అయితే 2009 నాటి నిబంధనల్లో 16వది ఫిర్యాదులను, వాటిపై తీసుకున్న చర్యలను రహస్యంగా ఉంచాలంటోంది. దాంతో ఏ సైట్ ఎందుకు ఆగిందో మామూలు పౌరుడికి తెలియడం కష్టమవుతోంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ఆపింది ఈ సెక్షన్ కిందే.

కోర్టులూ సైట్లను బ్లాక్ చేయిస్తాయి. పైరసీ సైట్ ఒక పేరు మూసేస్తే రెండు కొత్త పేర్లతో లేస్తుంది. తెలుగు సినిమా విడుదలైన వారం ఈ తంతు మనకు కొత్త కాదు. అందుకే ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ‘డైనమిక్ ఇంజంక్షన్’ పద్ధతి తెచ్చింది. అసలు సైట్‌పై ఒకసారి ఉత్తర్వు వచ్చాక, దాని నకళ్లపై ప్రతిసారీ కొత్త దావా వేయకుండానే బ్లాక్ చేయించుకోవచ్చు.

ఇక వీపీఎన్‌ల విషయంలో ముఖ్యమైన తేదీ 2022 ఏప్రిల్ 28. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆ రోజు ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఇచ్చిన ఐపీలు, ఎందుకు వాడుతున్నారు అనే వివరాలు తీసుకుని కనీసం అయిదేళ్లు దాచాలి. కస్టమర్ వదిలి వెళ్లిపోయినా సరే. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకొనే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది. మొదట 60 రోజుల గడువు పెట్టి, ఈ నిబంధనకు సెప్టెంబరు 25 వరకూ పొడిగించింది.

ఎవరి రికార్డూ ఉంచుకోబోమన్న హామీయే వీపీఎన్ కంపెనీలకు పెట్టుబడి. ఆదేశాలు పాటిస్తే ఆ హామీ పోతుంది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ 2022 జూన్‌లోనే ఇండియాలోని సర్వర్లను తీసేస్తున్నట్టు ప్రకటించాయి. మనవాళ్లు వాటిని వాడటం మాత్రం ఆగలేదు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ అయితే సింగపూర్, బ్రిటన్‌లలో సర్వర్లు పెట్టి వాటికి ఇండియన్ ఐపీలు ఇచ్చింది.

రెండు వైపుల నుంచీ చూస్తే

గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ వస్తే చాలామంది ‘దేశ భద్రత’ అనో ‘వ్యక్తి స్వేచ్ఛ’ అనో ఒక పక్కకు వెళ్లి అక్కడే ఆగిపోతారు. రెండు వైపులా బలమైన ఉదాహరణలు ఉన్నాయి.

పోలీసుల వాదన తేలిగ్గా తీసేసేది కాదు. 2024 అక్టోబరులో విమానాలకు వరసగా వచ్చిన బాంబు బెదిరింపులు గుర్తుండే ఉంటాయి. అన్నీ ఉత్తుత్తివే. కానీ విమానాలు దారి మళ్లాయి, ప్రయాణికులు గంటల తరబడి అవస్థ పడ్డారు. పంపినవాళ్లు వీపీఎన్ వెనక ఉండటం దర్యాప్తులో పెద్ద చిక్కయింది. ఆన్‌లైన్ రమ్మీనే తీసుకుందాం. డబ్బులు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. లొకేషన్ మార్చి పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడినవాళ్లు ఉన్నారు. 2025లో కేంద్రం కూడా చట్టం చేసి డబ్బులాటలను దేశమంతా నిషేధించింది. నిషేధం ఉన్నది అప్పుల పాలైన కుటుంబాలను చూసి. దాన్ని దాటించిన ప్రాక్సీ ఆ కుర్రాడికి చేసింది మేలు కాదు.

ఇప్పుడు రెండో వైపు. 2014 డిసెంబరులో ఐఎస్ ఉగ్రవాద ప్రచారాన్ని అడ్డుకోవాలని కేంద్రం 32 సైట్లను బ్లాక్ చేయించింది. అందులో ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ జిస్ట్, పేస్ట్‌బిన్, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్, వీడియోల సైట్ విమియో కూడా ఉన్నాయి. తర్వాత కొన్నిటిని వదిలేశారు. ఈలోపు ఎవరో పెట్టిన పోస్టుకు కోడింగ్ నేర్చుకునే విద్యార్థి అడ్డు ఎదుర్కొన్నాడు.

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో నెట్ ఆగిపోయింది. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా భావ ప్రకటన, వ్యాపారం రాజ్యాంగ రక్షణ ఉన్నవేనని, నిరవధికంగా ఆపడం కుదరదని చెప్పింది. ఆ నెలాఖరుకు 2జీ వచ్చింది కానీ అధికారులు అనుమతించిన కొన్ని వందల సైట్లే తెరుచుకునేవి. జనం వీపీఎన్‌లు పట్టుకున్నారు. కొందరు పిచ్చాపాటీకి వాడి ఉండొచ్చు, కొందరు తప్పుడు ప్రచారానికి వాడి ఉండొచ్చు, జాబితాలో లేని సైట్‌లో పని ఉన్నవాళ్లూ అదే దారిలో వెళ్లారు. వీళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. 2025లో కూడా జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో కలెక్టర్లు తాత్కాలికంగా వీపీఎన్‌లను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. అలాంటి ఉత్తర్వు అమల్లో ఉన్న చోట వాడితే కేసు పడుతుంది.

విదేశాల వైపు చూస్తే, చైనాలో ఎంబీబీఎస్ చదివిన మన తెలుగు విద్యార్థులకు ఇది అనుభవమే. అక్కడ గూగుల్ రాదు, వాట్సాప్ రాదు. రష్యా 2024 మార్చి నుంచి వీపీఎన్‌ల గురించి ప్రచారం చేయడాన్నే నిషేధించింది. ప్రజాస్వామ్య దేశమైన బ్రిటన్‌లోనూ 2025 జులైలో పెద్దల సైట్లకు వయసు ధ్రువీకరణ తప్పనిసరి చేయగానే వీపీఎన్ యాప్‌లు డౌన్‌లోడ్ జాబితాలో పైకి ఎగబాకాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ప్రాక్సీ నమ్మకం అవసరాన్ని తీసేయదు, నమ్మాల్సిన మనిషిని మారుస్తుంది. ఇంతకుముందు మీ నెట్ కంపెనీని నమ్మేవారు, ఇప్పుడు ప్రాక్సీ యజమానిని నమ్ముతున్నారు. నెట్ కంపెనీకి ఇక్కడ ఆఫీసు ఉంది, లైసెన్సు ఉంది, కోర్టుకు లాగొచ్చు. ప్రాక్సీ యజమాని ఎక్కడుంటాడు? 2022 ఆదేశాల్లోని లోటు కూడా ఇక్కడే కనిపిస్తుంది. నియమాలు రాసుకుని, ఆడిట్లు చేయించుకునే కంపెనీలు సర్వర్లు తీసుకుని బయటికెళ్లాయి. ఊరూ పేరూ లేని ఉచిత యాప్‌లు వాడేవాళ్లకు ఆ ఆదేశాల వల్ల పెరిగిన రక్షణ ఏమీ లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కు ఒక అనామక యాప్ ముందు కూడా నిలబడాలంటే, వాడుకరి డేటా దాచమని చెప్పడం కంటే, దాన్ని అమ్ముకునేవాళ్లను పట్టుకోవడం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ చర్చలో ఈ మెట్టు దాకా వస్తే మీ మాటకు విలువ ఉంటుంది.

ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు...

లాగిన్ అవసరమైన ఏ పనికీ ఉచిత ప్రాక్సీ వద్దు. జాబ్ పోర్టల్, డిజీలాకర్, బ్యాంకు, పరీక్ష దరఖాస్తు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. వాటికి మీరెవరో ఎలాగూ చెప్తున్నారు. అక్కడ ఐపీ దాచి సాధించేది లేదు, మధ్యలో ఇంకొకరిని కూర్చోబెట్టడం తప్ప. పైగా కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీల నుంచి తెరుచుకోవు. చివరి తేదీ రాత్రి దరఖాస్తు పేజీ రాకపోతే ముందు వీపీఎన్ ఆన్‌లో ఉందేమో చూడండి.

కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలకు ముందు ప్రాక్సీ, వీపీఎన్ రెండూ ఆపేయండి. ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఐపీ మారడాన్ని, డేటా సెంటర్ ఐపీని అనుమానంగా చూడొచ్చు. కాపీ కొట్టకపోయినా వివరణ ఇచ్చుకోవాల్సిన పరిస్థితి ఎందుకు?

కాలేజీ వైఫైలో చదువుకు అవసరమైన సైట్ ఆగిపోయి ఉంటే ల్యాబ్ ఇన్‌ఛార్జికి మెయిల్ పెట్టండి. చాలా సందర్భాల్లో అది కేటగిరీ ఫిల్టర్ పొరపాటు, ఒక్క క్లిక్‌తో సరిచేసేది. ఉద్యోగంలో చేరాక ఆఫీస్ ప్రాక్సీని దాటే ప్రయత్నం అసలు చేయొద్దు. అక్కడ అది కంపెనీ భద్రతా నియమాల ఉల్లంఘన, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల ఉద్యోగానికే ఎసరు.

ఒక సంగతి మరిచిపోవద్దు. ఐపీ మారినంత మాత్రాన మీరు మాయం కారు. గూగుల్ అకౌంట్‌లో లాగిన్ అయి ఉంటే గూగుల్‌కు మీరెవరో తెలుసు. బ్రౌజర్‌లో కుకీలు ఉంటాయి. ఫోన్‌లో జీపీఎస్, సిమ్ ఉంటాయి. డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే వెళ్తుంది. నేరం ప్రాక్సీ వెనక నుంచి చేసినా నేరమే.

నిజంగా వీపీఎన్ అవసరమైతే, అంటే రైల్వేస్టేషన్ వైఫై లాంటి చోట పని చేసుకోవాల్సి వస్తే, మూడు విషయాలు చూసుకోండి. కంపెనీ ఎవరిదో, ఏ దేశంలో రిజిస్టర్ అయిందో స్పష్టంగా రాసి ఉందా? ‘లాగ్‌లు ఉంచం’ అన్న మాటను బయటి ఆడిటర్లు పరిశీలించారా? డబ్బు ఎలా సంపాదిస్తున్నారో చెప్పారా? మూడిటికీ జవాబు లేకపోతే మీ మొబైల్ డేటా హాట్‌స్పాటే మేలు.

ఇదే ఒక కెరియర్ కూడా

నెట్‌వర్క్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్, సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్ అనలిస్ట్... ఈ ఉద్యోగాలన్నిటిలో ప్రాక్సీ రోజువారీ వ్యవహారం. ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్న: ఫార్వర్డ్ ప్రాక్సీకీ రివర్స్ ప్రాక్సీకీ తేడా ఏమిటి? ఫార్వర్డ్ ప్రాక్సీ వాడుకరి తరఫున నిలబడుతుంది. రివర్స్ ప్రాక్సీ వెబ్‌సైట్ తరఫున నిలబడుతుంది. ఫలితాల రోజు లక్షల మంది ఒకేసారి వచ్చినప్పుడు ఆ తాకిడిని పలు సర్వర్లకు పంచేది, వెనకున్న అసలు సర్వర్ ఐపీని దాచేది రివర్స్ ప్రాక్సీయే. క్లౌడ్‌ఫ్లేర్ వ్యాపారం, ఎన్‌జిన్‌ఎక్స్‌కు వచ్చిన పేరు చాలావరకు దీనివల్లే.

ఎర్రర్ నంబర్లూ అడుగుతారు. 407 అంటే ప్రాక్సీ మిమ్మల్ని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందని. 502 అంటే మధ్యలో ఉన్న సర్వర్‌కు వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని. 504 అంటే జవాబు కోసం చూసి చూసి సమయం మించిపోయిందని.

చదివితే సగమే వస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ పెట్టండి. అది మామూలుగా 3128 పోర్టు మీద వింటుంది. మీ ఫోన్ బ్రౌజింగ్‌ను దాని మీదుగా పంపించండి. ఒక సైట్‌ను బ్లాక్ చేసి చూడండి. తర్వాత అది రాసుకున్న యాక్సెస్ లాగ్ ఫైలు తెరవండి. ఏ నిమిషంలో ఏ సైట్‌కు వెళ్లారో, ఎన్ని బైట్లు వచ్చాయో వరసగా కనిపిస్తాయి. మీరు తెరిచినట్టే గుర్తులేని యాప్‌లు వెనక నుంచి ఎవరెవరితో మాట్లాడుతున్నాయో కూడా అందులో ఉంటుంది. ఈ చిన్న ప్రాజెక్టును రెజ్యూమెలో ఒక లైన్‌గా రాసుకోవచ్చు, ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడొచ్చు.

ఆ లాగ్ ఫైలును ఒక్కసారి మీ కళ్లతో చూశాక, ఇంకెవరి ప్రాక్సీనైనా నొక్కే ముందు అలాంటి ఫైలు వాళ్ల దగ్గరా ఉంటుందన్న సంగతి దానంతటదే గుర్తొస్తుంది.